బెంగళూరు - శాన్ ఫ్రాన్సిస్కో: దూరం ఒకటే, గంటలు మాత్రం మారుతుంటాయి

దేవనహళ్లిలోని కెంపేగౌడ విమానాశ్రయం నుంచి శాన్ ఫ్రాన్సిస్కో ఎంత దూరమని ఫోన్‌లో వెతికితే 13,990 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఒక అంకె వస్తుంది. దాని పక్కనే ప్రయాణ సమయం 17 గంటలనో, 18 గంటలనో ఇంకో అంకె ఉంటుంది. మొదటిది సరైనదే. రెండోదాన్ని చాలా సైట్లు ఎలా తీస్తాయంటే, దూరాన్ని గంటకు 800 నుంచి 850 కిలోమీటర్ల వేగంతో భాగించి, టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ కలిపి ఓ అరగంట జోడిస్తాయి. బెంగళూరు - హైదరాబాద్ లాంటి 456 కిలోమీటర్ల ప్రయాణానికి ఈ లెక్క పెద్దగా తప్పదు. పద్నాలుగు వేల కిలోమీటర్ల దగ్గరికొచ్చేసరికి రెండు మూడు గంటలు తేడా కొట్టినా ఆశ్చర్యం లేదు. అంత దూరంలో గాలి ఎటు వీస్తోంది, ఏ దేశం ఆకాశం తెరిచి ఉంది, ఎంత ఇంధనంతో నేల విడవగలం అన్న మూడు సంగతులు కిలోమీటర్లను మించి గంటలను నిర్ణయిస్తాయి.

దూరం లెక్క కట్టడం

ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. క్యాలిక్యులేటర్ ఉంటే ఎవరైనా చేసుకోవచ్చు. బెంగళూరు విమానాశ్రయం 13.198 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.706 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోది 37.619 ఉత్తరం, 122.375 పడమర. పడమటి రేఖాంశానికి మైనస్ గుర్తు పెట్టాలి. అప్పుడు రెండు రేఖాంశాల తేడా 200.08 డిగ్రీలు, అంటే అటు చుట్టు తిరిగితే 159.92 డిగ్రీలు.

రెండు అక్షాంశాల సైన్లను గుణిస్తే 0.139 వస్తుంది. రెండు అక్షాంశాల కొసైన్లనూ రేఖాంశాల తేడా కొసైన్‌నూ కలిపి గుణిస్తే మైనస్ 0.724. రెండూ కూడితే మైనస్ 0.585. ఏ కోణానికి కొసైన్ అంత ఉంటుందో చూస్తే 125.8 డిగ్రీలు. భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు తీసుకుంటే ఒక్కో డిగ్రీకి 111.195 కిలోమీటర్లు. గుణకారం చేస్తే సుమారు 13,990 కిలోమీటర్లు, విమానయాన భాషలో దాదాపు 7,550 నాటికల్ మైళ్లు.

ఇక్కడ తప్పులు ఎప్పుడూ ఒకే చోట్ల జరుగుతాయి. క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో ఉండిపోవడం ఒకటి. పడమర రేఖాంశానికి మైనస్ మరచిపోవడం ఇంకొకటి. అప్పుడు అమెరికా కాస్తా చైనా, కొరియాల నడుమ సముద్రంలో తేలుతుంది. మ్యాపులో 37 డిగ్రీల 37 నిమిషాలు అని ఉంటే దాన్ని 37.37 అని కొట్టేవాళ్లూ ఉన్నారు. అసలు విలువ 37.62, ఆ పావు డిగ్రీ తేడా 28 కిలోమీటర్లు. ఊరి పేరు కొట్టి వెతికేటప్పుడు మరీ జాగ్రత్త కావాలి. హైదరాబాద్ సింధ్‌లోనూ ఉంది, శాన్ హోసే కోస్టారికాలోనూ ఉంది. కొన్ని సైట్లు విమానాశ్రయాన్ని కాకుండా ఊరి నడిబొడ్డును తీసుకుంటాయి. బెంగళూరు విషయంలో అక్కడే పాతిక ముప్పై కిలోమీటర్ల తేడా వస్తుంది.

భూమి కచ్చితమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి ఈ లెక్క అర శాతం దాకా తప్పవచ్చు. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది గనక దారి చాలా పెరుగుతుందని కొందరి అనుమానం. మొత్తం ప్రయాణం మీద అది కలిపేది పాతిక కిలోమీటర్లు కూడా కాదు.

ఆ గీత ఎక్కడెక్కడి మీదుగా వెళ్తుంది

గోడ మీది ప్రపంచపటం చూసి అమెరికా పడమర దిక్కున ఉందనుకోవడం మనకు చిన్నప్పటి అలవాటు. గ్లోబు మీద బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు దారం బిగించి పట్టుకుంటే అది పడమరకూ పోదు, తూర్పుకూ పోదు. ఉత్తరం నుంచి తూర్పు వైపు ఇరవై డిగ్రీలు మాత్రమే వాలి, దాదాపు నిట్టనిలువుగా పైకి పోతుంది. దేవనహళ్లి దాటాక నంద్యాల, ఆపైన వరంగల్ దరిదాపులు, తర్వాత ప్రయాగ్‌రాజ్‌కూ వారణాసికీ నడుమ, నేపాల్‌లో పోఖరా పక్కన, సరిగ్గా అన్నపూర్ణ శిఖరం దగ్గర హిమాలయాలను దాటుతుంది. అక్కడి నుంచి టిబెట్, మంగోలియా పడమటి భాగం, బైకాల్ సరస్సుకు పడమరగా సైబీరియా, కొలిమా నది కలిసే ఆర్కిటిక్ తీరానికి కాస్త ఎగువన 71 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది.

చూడ్డానికి ముచ్చటగా ఉన్న ఈ గీత మీద ప్రయాణికుల విమానం వెళ్లడం మాత్రం కష్టం. మొదటి అడ్డు టిబెట్ పీఠభూమి. విమానం లోపలి పీడనం హఠాత్తుగా పడిపోతే పైలట్లు వెంటనే 10,000 అడుగులకు, అంటే సుమారు 3,050 మీటర్లకు దిగాలి. అక్కడైతేనే మాస్కులు లేకుండా ఊపిరి ఆడుతుంది. సీటు పైనుంచి జారే మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంటకు కాస్త అటూ ఇటూగానే వస్తుంది. టిబెట్‌లో నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తున ఉంది, శిఖరాలు దానిమీద ఇంకా పైకి. పావుగంటలో దిగడానికి చోటే లేని నేల వందల కిలోమీటర్లు పరుచుకుని ఉంటుంది. అందుకే అదనపు ఆక్సిజన్, ముందే గీసి పెట్టుకున్న తప్పించుకునే దారులు, తగిన అనుమతులు ఉన్న విమానాలే ఆ వైపు వెళ్తాయి. మిగతావన్నీ పీఠభూమిని చుట్టి పోతాయి, తూర్పున మయన్మార్ - చైనా వైపు, లేదా పడమరన మధ్య ఆసియా వైపు. ప్రయాణం మొదలైన రెండు మూడు గంటల్లోనే గీత వంకర తిరగడానికి కారణం ఇదే.

గాలి లెక్క

బోయింగ్ 777 లాంటి విమానం ధ్వని వేగంలో 84 శాతంతో సాగుతుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తున మైనస్ 56 డిగ్రీల చలిలో అది గంటకు సుమారు 890 కిలోమీటర్లు. అయితే ఈ 890 చుట్టూ ఉన్న గాలితో పోలిస్తేనే. గాలే కదులుతుంటే నేల మీద లెక్క మారిపోతుంది.

మధ్య అక్షాంశాల్లో, తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకు పారే గాలి ప్రవాహాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో జపాన్ మీద అది గంటకు 200 నుంచి 300 కిలోమీటర్లతో, ఒక్కోసారి అంతకు మించి వీస్తుంది. ఈ గాలిని 1920ల్లోనే బెలూన్లు వదిలి కొలిచినవాడు జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి. తన నివేదికను ఎస్పెరాంతో అనే కృత్రిమ భాషలో ప్రచురించడంతో బయట దాన్ని చదివినవాళ్లు తక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్లు ఆ గాలికి ఎదురుపడ్డాకే దాని బలం లోకానికి తెలిసివచ్చింది.

ఇప్పుడు బెంగళూరుకు వద్దాం. టోక్యో మీదుగా దారి తీస్తే మొత్తం దూరం 14,930 కిలోమీటర్లు, దగ్గరి దారి కంటే 940 ఎక్కువ. కానీ ఆ దారి పొడవునా సగటున గంటకు వంద కిలోమీటర్ల వెనుకగాలి దొరికిందనుకోండి. నేల మీద వేగం 990 అవుతుంది, 15 గంటల 5 నిమిషాల్లో చేరుతుంది. గాలి ఊసే లేని దగ్గరి దారిలో 15 గంటల 43 నిమిషాలు పడుతుంది. అంటే వెయ్యి కిలోమీటర్లు చుట్టు తిరిగిన విమానం ముప్పై ఎనిమిది నిమిషాలు ముందు దిగుతుంది. శీతాకాలంలో అమెరికా వెళ్లే విమానం మ్యాపులో పసిఫిక్ మీదుగా సాగుతుంటే సీట్లో కూర్చున్నవాళ్లు దారి తప్పిందేమో అనుకుంటారు. డబ్బు, టైము రెండూ కలిసొచ్చే దారి అదే.

తిరుగు ప్రయాణంలో అదే దారి పడితే చిక్కే. వంద కిలోమీటర్ల ఎదురుగాలికి వేగం 790కి పడిపోతుంది, సమయం 18 గంటల 54 నిమిషాలకు పెరుగుతుంది. అందుకే వచ్చేటప్పుడు జెట్ స్ట్రీమ్‌కు దూరంగా, ఉత్తర ధ్రువం వైపు వెళ్లడం మేలు. సరిగ్గా ధ్రువం మీదుగా లెక్కవేస్తే దూరం 14,364 కిలోమీటర్లు, దగ్గరి దారి కంటే 375 మాత్రమే ఎక్కువ. గాలి లేదనుకుంటే 16 గంటల 8 నిమిషాలు. పసిఫిక్ దారితో పోలిస్తే రెండు గంటల నలభై ఆరు నిమిషాలు ఆదా.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ మార్గాన్ని మొదలుపెట్టినప్పుడు, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తొలి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో నలుగురు మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగానే తెచ్చారు. విమానం బోయింగ్ 777-200ఎల్ఆర్.

ధ్రువం వైపు దారికి సొంత ఇబ్బందులున్నాయి. అమెరికాలో నింపే జెట్ ఎ ఇంధనం మైనస్ 40 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. మన దగ్గర నింపే జెట్ ఎ-1కు ఆ హద్దు మైనస్ 47. శాన్ ఫ్రాన్సిస్కోలో ట్యాంకు నింపుకుని ధ్రువం మీదికి వెళ్లే పైలట్లు ట్యాంకులోని ఇంధనం ఉష్ణోగ్రతను చూస్తూ ఉండాలి. హద్దుకు మూడు డిగ్రీల దూరంలోకి వస్తే, కాస్త వెచ్చని గాలి ఉండే కింది ఎత్తుకు దిగడమో, రెక్కల మీద గాలి రాపిడితో వేడి పుట్టేలా వేగం పెంచడమో చేస్తారు. రెండింటికీ ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. 82 డిగ్రీల అక్షాంశం దాటాక, భూమధ్యరేఖ పైన ఒకేచోట నిలిచినట్టుండే భూస్థిర ఉపగ్రహాలు అందవు, చాలా దూరం వినిపించే పాతకాలపు హెచ్ఎఫ్ రేడియో మీద ఆధారపడాలి. సూర్యుడి మీద పెద్ద తుపాను రేగితే అదీ మూగబోతుంది, ఆ రోజు దారి దక్షిణానికి జరుగుతుంది.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, మరి పడమరకు వెళ్లే విమానానికి దూరం తగ్గదా అన్న ప్రశ్న ఈ చర్చలో ఎప్పుడూ వస్తుంది. తగ్గదు. గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది, విమానం ఆ గాలిలోనే ఉంటుంది.

బరువు, ఎత్తు, ఎండ

777-200ఎల్ఆర్ గరిష్ఠంగా 347 టన్నుల బరువుతో నేల విడవగలదు. దారిలో సగటున గంటకు సుమారు ఏడు టన్నుల ఇంధనం తాగుతుంది. పదహారు గంటలకు 112 టన్నులు. దానిమీద రన్‌వే దాకా నడవడానికి కొంత, అనుకోని గాలులకు ఐదు శాతం, దిగాల్సిన చోట వీలుకాకపోతే పక్క విమానాశ్రయానికి వెళ్లడానికి కొంత, ఆ తర్వాత కూడా ముప్పై నిమిషాలు గాల్లో చక్కర్లు కొట్టేంత నిల్వ ఉండాలి. బెంగళూరులో పొగమంచు కమ్మితే చెన్నై, హైదరాబాద్. శాన్ ఫ్రాన్సిస్కోలో అయితే ఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న ఓక్లండ్, లేదంటే శాక్రమెంటో.

మరి రెండు టన్నులు ఎక్కువే పోసుకుంటే పోలేదా అంటే, ఇంధనాన్ని మోయడానికీ ఇంధనమే కావాలి. అదనపు బరువులో గంటకు మూడు నాలుగు శాతం మోతకే ఖర్చయిపోతుందన్నది ఈ రంగంలో వాడుక లెక్క. పదహారు గంటల తర్వాత ఒక టన్ను మిగలాలంటే బయల్దేరేటప్పుడు టన్నున్నర పైచిలుకు పోయాలి.

బెంగళూరుకు ఇక్కడే అసలు చిక్కు. విమానాశ్రయం సముద్రమట్టానికి 915 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నై మీనంబాక్కం 16 మీటర్లు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. రెక్కలకు ఎత్తే బలం, ఇంజిన్లకు నెట్టే బలం రెండూ గాలి సాంద్రతను బట్టే వస్తాయి. ఏప్రిల్ మధ్యాహ్నం 35 డిగ్రీల ఎండలో దేవనహళ్లిలో ఘనపు మీటరు గాలి సుమారు 1.03 కిలోలు తూగుతుంది. అదే రాత్రి 20 డిగ్రీలకు దిగితే 1.08. చెన్నైలో ఉక్కపోసే 30 డిగ్రీల రాత్రి కూడా సుమారు 1.15 ఉంటుంది. ప్రామాణిక సముద్రమట్టం విలువ 1.225. పగటికీ రాత్రికీ ఉన్న ఆ ఐదు శాతం తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ, హద్దు దాకా బరువెక్కిన విమానానికి అది టన్నుల్లో పలుకుతుంది. బెంగళూరులో రెండు రన్‌వేలూ నాలుగేసి కిలోమీటర్ల పొడవు ఉండటం ఈ లోటును కొంత పూడుస్తుంది. అయినా ఎండవేళ బయల్దేరాల్సి వస్తే ముందు కార్గో దించుతారు, చాలకపోతే కొన్ని సీట్లు అమ్మకుండా ఖాళీగా ఉంచుతారు. చాలా దూరం వెళ్లే విమానాలు రాత్రి, తెల్లవారుజామునే ఎక్కువగా బయల్దేరడానికి అవతలి ఊళ్లో దిగే వేళ ఒక కారణమైతే, చల్లటి గాలి ఇంకో కారణం.

దూరం మాత్రమే చూస్తే చెన్నై నయం. అక్కడి నుంచి శాన్ ఫ్రాన్సిస్కో 13,915 కిలోమీటర్లు, బెంగళూరు కంటే డెబ్బై తక్కువ. రన్‌వే 3,660 మీటర్లే అయినా సముద్రమట్టం మీద ఉంది. అయినా అమెరికాకు నాన్‌స్టాప్ చెన్నై నుంచి లేదు. వీసాకు చెన్నైలోని కాన్సులేట్‌కు వెళ్లి, విమానానికి బెంగళూరుకో దుబాయ్‌కో పరుగెత్తడం నెల్లూరు, తిరుపతి వాళ్లకు అలవాటైపోయింది. ఇలాంటి మార్గాలను నిలబెట్టేది కిలోమీటర్లు కాదు, ఏడాది పొడవునా బిజినెస్ క్లాసు సీట్లు కొనే కంపెనీలు. అవి బెంగళూరులో వైట్‌ఫీల్డ్, ఔటర్ రింగ్ రోడ్ల పక్కన ఎక్కువున్నాయి.

మూసుకున్న ఆకాశాలు

2022 ఫిబ్రవరి తర్వాత రష్యా తన ఆకాశాన్ని అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ సంస్థలకు మూసేసింది. భారతీయ సంస్థలకు మూయలేదు. ఆ దెబ్బకు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మొదలుపెట్టాలనుకున్న శాన్ ఫ్రాన్సిస్కో - బెంగళూరు సర్వీసు పట్టాలెక్కలేదు. సైబీరియా లేకుండా ఆ మార్గం అంత ఇంధనంతో, అంత బరువుతో పొసగదు.

తెరిచి ఉన్న ఆకాశమూ పూర్తిగా నిశ్చింత కాదు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు వేరే విమానం వచ్చేదాకా అక్కడ ఉండాల్సి వచ్చింది. మారుమూల దారిలో వెళ్లడమంటే దారి పొడవునా దిగడానికి పనికొచ్చే చోట్లను ముందే ఎంచుకోవడం. రెండు ఇంజిన్ల విమానం ఒక్క ఇంజిన్‌తో ఇన్ని నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలని నియమం ఉంది. ఆ నిమిషాలు తక్కువగా ఉంటే గీత ఇంకాస్త వంగుతుంది.

2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశాన్ని భారతీయ సంస్థలకు మూసింది. బెంగళూరు ఢిల్లీకి 1,700 కిలోమీటర్ల దక్షిణాన ఉంది గనక ఈ దెబ్బ మనకు తగలదనుకోవడం పొరపాటు. ధ్రువం మీదుగా దిగివచ్చే దారి కజకస్తాన్ దాటాక భారత్‌లోకి రావడానికి వాడే సులువైన గుమ్మం పాకిస్తానే. తూర్పున కారకోరం, టిబెట్. పడమరకు జరిగితే ఇరాన్, ఒమన్ చుట్టి అరేబియా సముద్రం మీదుగా రావాలి. అప్పుడు ఇంధనం చాలక మధ్యలో ఆగాల్సి వస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ముంబై వచ్చే విమానం కోల్‌కతాలో ఇంధనానికి ఆగడం ఆ రోజుల్లోనే మొదలైంది. ఇలాంటి ఆగడాన్ని టెక్నికల్ స్టాప్ అంటారు. ప్రయాణికులు సీట్లలోనే ఉంటారు. దిగడం, ట్యాంకర్లు, పైలట్ల మార్పు, మళ్లీ ఎక్కడం కలిపి గంటన్నర నుంచి రెండు గంటలు పోతుంది. టికెట్టు కొనేటప్పుడు 'డైరెక్ట్' అని ఉన్నా మధ్యలో ఆగవచ్చు, ఒకే ఫ్లైట్ నంబరు ఉంటే చాలు. అసలు ఆగకూడదనుకుంటే 'నాన్‌స్టాప్' అని ఉందో లేదో చూసుకోవాలి.

టికెట్టు మీది గంటలు

టికెట్టు మీద కనిపించే సమయం గేటు నుంచి గేటుకు. తలుపు మూసి విమానం వెనక్కి జరిగినప్పటి నుంచి అవతల గేటు దగ్గర నిలిచేదాకా. రన్‌వే దాకా పదిహేను ఇరవై నిమిషాలు, దిగాక గేటు చేరడానికి పది. ఆ పైన ఆలస్యం అనిపించుకోకుండా సంస్థలు కాస్త ఎక్కువే వేసుకుంటాయి. 'అరగంట ముందే దిగాం' అన్న ప్రకటన వెనక చాలాసార్లు ఈ ముందుచూపే ఉంటుంది.

గడియారం లెక్కలో తప్పులు ఎక్కువ. భారత్‌కూ కాలిఫోర్నియాకూ తేడా చలికాలంలో 13 గంటల 30 నిమిషాలు, వేసవిలో 12 గంటల 30 నిమిషాలు. అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుగుతాయి. యూరప్‌లో మాత్రం మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో మూడు ఖండాల గడియారాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మారేవాళ్లు ఆ వారాల్లో పాత అలవాటు మీద లెక్క కట్టుకోకూడదు.

వేసవిలో మధ్యాహ్నం 2:20కి బెంగళూరులో కదిలిన విమానానికి 16 గంటలు పట్టిందనుకుందాం. మన టైములో మర్నాడు ఉదయం 6:20. అందులోంచి 12:30 తీసేస్తే అదే రోజు సాయంత్రం 5:50. తేదీ మారదు. తిరిగొచ్చేటప్పుడు శుక్రవారం రాత్రి 8 గంటలకు కదిలి పదిహేడున్నర గంటలు పడితే, ఇక్కడ దిగేది ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు. శనివారం ఎక్కడికి పోయిందో తెలియదు. 2021 నాటి ఆ తొలి విమానం కూడా జనవరి 9 రాత్రి బయల్దేరి 11 తెల్లవారుజామునే బెంగళూరులో దిగింది. ఆదివారం ఉదయం గృహప్రవేశానికో పెళ్లికో అందుకోవాలని శుక్రవారం రాత్రి విమానం కొనేవాళ్లు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి.

మధ్యలో మారితే

ఒకచోట మారాల్సి వస్తే దూరం ఎంత పెరుగుతుందో చూస్తే కొన్ని నమ్మకాలు తలకిందులవుతాయి. దుబాయ్ మీదుగా 2,695, ఆపైన 13,040 కిలోమీటర్లు, మొత్తం 15,735. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 16,550. సింగపూర్ మీదుగా 16,770. హాంకాంగ్ మీదుగా 15,080. అన్నిట్లోకీ తక్కువ టోక్యో మీదుగా, 14,930. అయినా బెంగళూరు తెలుగువాళ్లలో ఎక్కువమంది గల్ఫ్ దారినే పడతారు, అటు విమానాలు ఎక్కువ, ధరల్లో పోటీ ఎక్కువ కాబట్టి.

రెండు ముక్కలు ఎలా విడిపోయాయన్నది కూడా చూడాలి. దుబాయ్ దారిలో నాలుగు గంటలు, తర్వాత పదహారు. టోక్యో దారిలో దాదాపు ఎనిమిది, తొమ్మిది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు పదహారు గంటలు ఏకబిగిన కూర్చోవడం కష్టం. భాష తెలియని తొలి ప్రయాణమైతే పెద్ద విమానాశ్రయంలో గేటు వెతుక్కోవడం అంతకంటే కష్టం. రెండూ ఉన్న అమ్మానాన్నలకు వీల్‌చైర్ ముందే అడిగి పెడితే, గేటు నుంచి గేటుకు మనిషి తోడుంటాడు.

న్యూయార్క్, షికాగోల్లో మారి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లేవాళ్లు మరచిపోయేది ఒకటుంది. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్. పెట్టెలు కూడా అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటించి, మళ్లీ వేయాలి, ఆపైన సెక్యూరిటీ వరుస. గంటన్నర వ్యవధి కాగితం మీద బాగానే ఉంటుంది, సంక్రాంతి సెలవుల తర్వాతి రద్దీలో చాలదు. కనీసం రెండున్నర, వీలైతే మూడు గంటలు ఉంచుకోవాలి. అబుదాబిలో మారితే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే ముగుస్తుంది. అవతల దేశీయ ప్రయాణికుల్లాగా నేరుగా బయటికి నడవచ్చు. కాకపోతే ఆ వరుస అబుదాబి వ్యవధిలోంచే తినేస్తుంది. రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఇంకో ప్రమాదం. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ఆ నష్టం ఎవరిదీ కాదు, మనదే.

ఇంటి నుంచి గేటు దాకా పట్టే సమయం ఏ సైటూ చెప్పదు. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి దేవనహళ్లికి సాయంత్రం వేళ రెండు గంటలు దాటడం మామూలే. అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద 180 కిలోమీటర్లు మూడు గంటల్లో వచ్చేయవచ్చు, అదీ నగరంలోకి అడుగుపెట్టకుండానే. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరాలి, చెక్-ఇన్ కౌంటర్ కనీసం గంట ముందే మూసేస్తారు. ఇవన్నీ కలిపితే నాన్‌స్టాప్ దొరికినా ఇంటి నుంచి ఇంటికి ఇరవై మూడు, ఇరవై నాలుగు గంటలు. ఒకచోట మారితే ముప్పై దాటుతుంది.

నిజంగా ఎంత సమయం పడుతోందో తెలుసుకోవాలంటే విమానాలను మ్యాపు మీద చూపించే ట్రాకింగ్ సైట్లలో ఫ్లైట్ నంబరు కొట్టి, గత వారం పది రోజుల్లో నేల విడిచిన సమయం, దిగిన సమయం రాసుకుంటే సరిపోతుంది. పదిలో మూడు నాలుగు గంటన్నర ఆలస్యంగా ఉంటే, అవతల ఎదురొచ్చేవాళ్లకు టికెట్టు మీది టైము చెప్పకుండా ఆ సగటు చెప్పడం మంచిది. జూన్ వివరాలు చూసి జనవరి ప్రయాణానికి లెక్క వేయకూడదు. జెట్ స్ట్రీమ్ చలికాలంలో బలపడి దక్షిణానికి జరుగుతుంది కాబట్టి, పోయిన జనవరి వివరాలు దొరికితే అవే చూడాలి, వెళ్లే దిక్కూ వచ్చే దిక్కూ విడివిడిగా.